చౌక ధర ఇయర్‌బడ్స్ – పరీక్షించి కొనడం ఎలా?

బహ్రెయిన్ ఒకప్పుడు ముత్యాల దీవి. ముహర్రఖ్ తీరం నుంచి బయలుదేరిన పడవలు వేసవి నెలలంతా సముద్రం మీదనే ఉండి, ఈతగాళ్ళు అడుగుకు మునిగి తెచ్చిన ముత్యపు చిప్పలతో తిరిగి వచ్చేవి. నిజాముల కాలంలో హైదరాబాదు ముత్యాల బజారుకు పేరు తెచ్చిన సరకులో ఈ గల్ఫు జలాల ముత్యాలకు పెద్ద పాలు ఉన్నది. ఆ వ్యాపారంలో అమ్మేవాని మాట మీద ఎవరూ ముత్యం కొనేవారు కాదు. వేరువేరు రంధ్రాలు గల ఇత్తడి జల్లెడలతో పరిమాణం తేల్చి, చిన్న త్రాసులో తూచి, పగటి వెలుతురులో రంగు, నిగారింపు చూసిన తరువాతనే వెల కట్టేవారు. జపాను సాగుముత్యాల రాకతోను, 1930ల ఆర్థిక మాంద్యంతోను ఆ వ్యాపారం క్షీణించింది. 1932లో చమురు బయటపడడంతో దీవి జీవితమే మారిపోయింది.

నేడు మనామాలో బాబ్ అల్ బహ్రెయిన్ ద్వారం దాటి బజారులోనికి వెళితే, అద్దాల వెనుక ముత్యాలవలెనే తెల్లగా మెరిసే మరొక చిన్న వస్తువు కనబడుతుంది. అది తీగలు లేని శ్రవణ సాధనం; అందరి నోటా ఇయర్‌బడ్స్. లక్షణమైన జత పది దీనార్ల ఇటూ అటూగా దొరుకుతుంది. పెట్టె మీద అంకెలు ఎన్నో ఉంటాయి. పరీక్షించి కొనే పాత అలవాటు మాత్రం ఇక్కడ కనబడదు. రంగు, ధర చూసి, దుకాణదారు చెప్పినది విని జేబులో వేసుకుని వస్తున్నారు.

ఇది చిన్న వస్తువే గాని, ప్రవాసాంధ్ర కుటుంబంలో దాని పని చిన్నది కాదు. బహ్రెయిన్ గడియారం మన దేశపు గడియారం కంటే రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ రాత్రి తొమ్మిదయ్యేసరికి జగిత్యాలలోనో, కడపలోనో, అమలాపురంలోనో పదకొండున్నర అవుతుంది. అప్పటివరకు మేలుకుని ఉన్న తల్లిదండ్రులతో నాలుగు మాటలు మాట్లాడేది ఈ సాధనంతోనే. ఒకే గదిలో నలుగురైదుగురు కలిసి ఉండే శ్రామిక సోదరులకు ఇంటివారితో గుట్టుగా మాట్లాడుకునే వీలు కల్పించేదీ ఇదే. పిల్లలు పాఠాలు వినేది, గృహిణులు వంట చేస్తూ పాటలు వినేది కూడా దీనితోనే. కనుక దీనిని ఎన్నుకునేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. మాట రెండు వైపులా చెక్కుచెదరకుండా చేరుతున్నదా? ఈ దేశపు వేడికి, చెమటకు ఎంతకాలం నిలుస్తుంది? చెవికి హాని చేయకుండా ఉంటుందా? ఈ మూడింటికీ జవాబు పెట్టె మీద దొరకదు. కాని ప్రయోగశాల అక్కరలేకుండా ఇంటిలోనే తేల్చుకోవచ్చు.

లోపల ఏమున్నది?

చెవిలో పెట్టుకునే ఒక్కొక్క మొగ్గలో ఒక చిన్న స్పీకరు, ఒకటో రెండో మైకులు, ఒక రేడియో చిప్పు, ఒక లిథియం అయాన్ బ్యాటరీ ఉంటాయి. స్పీకరులో పలుచని పొరకు సన్నని తీగచుట్ట అతికించి ఉంటుంది. దాని చెంతనే నియోడిమియం, ఇనుము, బోరాన్ కలిసిన శక్తిమంతమైన అయస్కాంతం ఉంటుంది. తీగచుట్టలో విద్యుత్తు మారినప్పుడల్లా పొర కదలి గాలిని కదిలిస్తుంది. ఆ కదలికే మనకు ధ్వని. ఈ జాతి అయస్కాంతాన్ని 1980ల తొలి సంవత్సరాలలో జపానులో మసాతో సగావా, అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు వేరువేరుగా రూపొందించారు. లిథియం అయాన్ బ్యాటరీని సోనీ సంస్థ 1991లో విపణిలోనికి తెచ్చింది. దానికి పునాది వేసిన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది. ఈ రెండూ లేకపోతే చిటికెన వేలి కొసంత వస్తువు పాట పాడడం అసాధ్యం.

ఫోనుకు, చెవికి మధ్య వార్తాహరి బ్లూటూత్. పదవ శతాబ్దపు డేనిష్ రాజు హెరాల్డ్ బ్లూటూత్ పేరు పెట్టుకున్న ఈ పద్ధతి 1990లలో స్వీడన్‌లోని ఎరిక్సన్ సంస్థలో పుట్టింది. 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 79 ఇరుకు దారులను ఏర్పరచుకుని, క్షణానికి 1600 సార్లు దారి మార్చుకుంటూ సంకేతం సాగుతుంది. ఒక దారిలో అడ్డంకి ఉన్నా మరొక దారిలో సమాచారం చేరుతుంది. దీని శక్తి సామాన్యంగా కొద్ది మిల్లీవాట్లు మాత్రమే. చెవికి ఆనించిన ఫోను వెలువరించగల శక్తిలో చాలా చిన్న భాగం. మెదడుకు హాని చేస్తుందేమోనని తల్లులు పడే భయం కంటే, ధ్వని తీవ్రత వలన చెవికి కలిగే హానిని గురించిన భయమే సహేతుకమైనది. దానిని గురించి తరువాత చూడవచ్చు.

పెట్టె మీది అంకెల మాట

పెట్టె మీద సాధారణంగా 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని ముద్రిస్తారు. అది ఆరోగ్యవంతుడైన యువకుని చెవికి వినిపించే హద్దు. ఆ హద్దుల మధ్య ధ్వని ఎంత సమంగా వస్తున్నదో చెప్పనిదే ఆ అంకెకు అర్థం లేదు. ఒక కొసన గుసగుసలాడి, మధ్యలో అరిచే స్పీకరు కూడా అదే అంకె వేసుకోవచ్చును. పొర వ్యాసం 10 మిల్లీమీటర్లా, 13 మిల్లీమీటర్లా అన్నదీ అంతే. పెద్దదైతే మేలన్న నియమం లేదు.

“30 గంటలు” అన్న అంకె కూడా విడదీసి చూడవలసినదే. ఒక మొగ్గలో 40 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉండి, అది 5 గంటలు పాడుతుందనుకుందాం. ఛార్జింగ్ కేసులో 400 ఉందనుకుంటే, రెండు మొగ్గలను ఒకసారి నింపడానికి 80 కావాలి. లెక్క ప్రకారం అయిదుసార్లు నింపవచ్చును గాని, విద్యుత్తును మార్చడంలో కొంత వేడిగా పోతుంది కనుక ఆచరణలో అన్నిసార్లు రావు. ముప్పై గంటలనేది కేసుతో కలిపి, ఓ మాదిరి ధ్వనితో, నష్టాలను ఉదారంగా లెక్కగట్టి చెప్పిన మొత్తం. కొనేవారు అడగవలసినది ఒక్క ఛార్జింగుకు ఎన్ని గంటలని. అందులోనూ ఫోను మాట్లాడితే ఎన్ని గంటలని. మాట్లాడేటప్పుడు మైకులు కూడా పనిచేస్తాయి కనుక ఆ కాలం తక్కువగానే ఉంటుంది.

“నాయిస్ క్యాన్సలేషన్” అన్న మాట మరింత జాగ్రత్తగా చదవాలి. ఆ మాటతో రెండు వేరువేరు ఏర్పాట్లు అమ్ముడవుతున్నాయి. మొదటిది వినేవారి కొరకు: బయటి రొదకు సరిగా వ్యతిరేకమైన తరంగాన్ని పుట్టించి రొదను తగ్గించేది. ఏ.సి. హోరు, విమానపు గుంయిమనే ధ్వని వంటి మంద్ర ధ్వనుల మీద ఇది బాగా పనిచేస్తుంది. మనుషుల మాటల మీద, పళ్ళెం కింద పడిన శబ్దం మీద అంతగా పనిచేయదు. రెండవది అవతలివారి కొరకు: మన మైకులో పడే రొదను వడగట్టి మాటను మాత్రమే పంపేది. చౌక జతలలో తరచు రెండవది మాత్రమే ఉంటుంది. మొదటిది ఉందనుకుని కొని, ఇంటికి వెళ్ళాక నిరాశపడేవారు ఎందరో.

మొదటి పరీక్ష: చెవిలో అమరిక

పాట పలుచగా వినిపిస్తే వెంటనే స్పీకరును నిందించడం తగదు. చెవి రంధ్రానికి, సిలికోన్ తొడుగుకు మధ్య వెంట్రుక మందం సందు ఉన్నా మంద్ర స్వరాలు జారిపోతాయి. కేసుతోపాటు వచ్చే మూడు జతల తొడుగులూ మార్చి చూడాలి. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదు. కుడికి మధ్యరకం, ఎడమకు చిన్నది కుదరవచ్చు. పెట్టుకున్న తరువాత నోరు మూసి సన్నగా రాగం తీయండి. మీ గొంతు తలలో గుమ్మని మోగితే సందు మూసుకున్నదని అర్థం. మోగకపోతే తొడుగు మార్చాలి.

ఆ తరువాత బాగా పరిచయమున్న పాట వినాలి. మృదంగం ఉన్న కచేరీ మేలు. మృదంగపు ఎడమ వైపు పలికే గుంభనమైన నాదం, కుడి వైపు పలికే తేటనైన నాదం రెండూ విడివిడిగా, ఒకదానినొకటి మింగకుండా వినబడాలి. గాయకుని గొంతు వాటి వెనుకకు పోకూడదు. చౌక జతలలో చాలా వాటికి మంద్ర స్వరాలను కావాలని పెంచి పెడతారు. దుకాణంలో రెండు నిమిషాలు విన్నప్పుడు అది ఘనంగా తోస్తుంది. ఇంట్లో అరగంట వింటే తల బరువెక్కుతుంది. అందుచేత అరగంట విననిదే తీర్పు చెప్పరాదు.

రెండవ పరీక్ష: మాట

ప్రవాసులకు ఇదే ముఖ్యమైన పరీక్ష. పాట వింటున్నప్పుడు తీయగా ఉన్న ధ్వని ఫోను రాగానే ఎండిపోయినట్లు మారడం చాలామందికి అనుభవమే. అది చెడిపోవడం కాదు. బ్లూటూత్‌లో పాటకు ఒక పద్ధతి, సంభాషణకు మరొక పద్ధతి ఉన్నాయి. సంభాషణలో ధ్వని రెండు వైపులా నడవాలి కనుక, దానిని క్షణానికి 44,100 సార్లు కాక, పాత పద్ధతిలో 8,000 సార్లు, మెరుగైన పద్ధతిలో 16,000 సార్లు మాత్రమే కొలిచి పంపుతారు. కొలతల సంఖ్యలో సగానికి మించిన పౌనఃపున్యం దాని ద్వారా చేరదు. అంటే పాత పద్ధతిలో 4,000 హెర్ట్జ్ పైన ఉన్నదంతా పోతుంది. స వంటి అక్షరాల బలంలో ఎక్కువ భాగం ఆ పైభాగంలోనే ఉన్నది. 2020లో ప్రకటించిన కొత్త బ్లూటూత్ ధ్వని పద్ధతి ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దుతుంది గాని, ఫోను, ఇయర్‌బడ్స్ రెండూ దానిని ఎరిగినవై ఉండాలి.

అంతకంటే పెద్ద చిక్కు రొదను వడగట్టే ఏర్పాటులో ఉన్నది. మాట మొదలైనదో లేదో నిర్ణయించుకోవడానికి చిప్పుకు కొంత వ్యవధి పడుతుంది. నాసిరకం జతలలో ఆ వ్యవధిలో మొదటి అక్షరం తెగిపోతుంది. మాట చివర గొంతు తగ్గగానే దానిని రొద అనుకుని చివరి అక్షరాన్ని కూడా నొక్కివేస్తుంది. ఈ కోత తెలుగుకు ప్రత్యేకంగా ప్రమాదకరం. ఇరవై, అరవై అనే సంఖ్యలలో తేడా మొదటి అక్షరంలోనే ఉన్నది. అది తెగితే రెండూ “రవై” అవుతాయి. ఎనభై, తొంభైలు రెండూ “భై” మీదనే ముగుస్తాయి. ఇంటికి పంపవలసిన సొమ్ము ఇరవై వేలా, అరవై వేలా అన్నది ఒక్క అక్షరం మీద నిలిచి ఉంటుంది. ఇక అవును, కాదు అన్న సంగతి మన భాషలో క్రియ చివర తేలుతుంది. “జ్వరం తగ్గింది” అన్నదానికి, “జ్వరం తగ్గలేదు” అన్నదానికి భేదం మాట తోకలో ఉన్నది. “ఫీజు కట్టాను”, “ఫీజు కట్టను” అన్న మాటలను వేరు చేసేది ఒక్క దీర్ఘం. వయసు మళ్ళిన తల్లిదండ్రులు ఫోనులో మాట అర్థం కాకపోయినా, పిల్లలను ఇబ్బంది పెట్టడమెందుకని “సరే, సరే” అని ఊరుకుంటారు. ఇక్కడివారు తమ మాట చేరినదనే అనుకుంటారు.

కనుక ఈ పరీక్షను కాగితం, కలం దగ్గర పెట్టుకుని చేయాలి. ఇటువంటి జంట మాటలతో ఇరవై చిన్న వాక్యాలు ఒకరు రాసుకోవాలి: “ఇరవై వేలు వచ్చాయి”, “అరవై వేలు వచ్చాయి”, “అన్నయ్య వెళ్తానన్నాడు”, “అన్నయ్య వెళ్ళనన్నాడు”, “మందు వేశాను”, “మందు వేయను” – ఈ తీరున. వరుస మార్చి, మామూలు గొంతుతో చదవాలి. మరొక గదిలోనో, ఊరిలోనో ఉన్న రెండవ వ్యక్తి విన్నది విన్నట్లు రాయాలి, తిరిగి అడగరాదు. ఎన్ని సరిపోయాయో లెక్కించాలి. ఇదే పరీక్ష నిశ్శబ్దమైన గదిలో ఒకసారి, ఏ.సి., వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను నడుస్తుండగా ఒకసారి, రోడ్డు పక్కన ఒకసారి చేయాలి.

ప్రయోగంలో పోల్చుకోవడానికి ఒక ప్రమాణం ఉండాలి. అందుచేత ఇయర్‌బడ్స్ తీసివేసి, ఫోనునే చెవికి ఆనించుకుని, అవే వాక్యాలను మరొక వరుసలో చదివి ఆ లెక్క కూడా కట్టాలి. అప్పుడు లోపం ఇయర్‌బడ్స్‌దా, ఇంటర్నెట్‌దా అన్నది తెలిసిపోతుంది. చదివేవారు ఇప్పుడు ఏది వాడుతున్నారో రాసేవారికి ముందుగా చెప్పకూడదు. తెలిస్తే ఖరీదైన దాని వైపు మనసు మొగ్గుతుంది. ఫోనుతో ఇరవైకి ఇరవై, ఇయర్‌బడ్స్‌తో గదిలో పంతొమ్మిది, రోడ్డు పక్కన పదిహేడు వస్తే ఆ జత సంభాషణకు పనికివస్తుందని చెప్పవచ్చు. గదిలోనే పదిహేనుకు పడిపోతే, అది పాటలకు ఎంత బాగున్నా, ఇంటివారితో మాట్లాడడానికి తగదు.

మాటను రికార్డు చేసి వినడం మరొక మార్గం. కాని కొన్ని ఫోన్లు ఇయర్‌బడ్స్ తగిలించి ఉన్నా తమ సొంత మైకుతోనే రికార్డు చేస్తాయి. రికార్డు అవుతుండగా ఫోను అడుగున మైకు రంధ్రం దగ్గర గోటితో మెల్లగా తట్టండి. ఆ తట్టు బిగ్గరగా వినిపిస్తే, మీరు పరీక్షిస్తున్నది ఫోనునే.

మూడవ పరీక్ష: వేడి, బ్యాటరీ ఆయువు

బహ్రెయిన్ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం వింత కాదు. ఎండలో నిలిపిన కారు లోపల 60 డిగ్రీలు మించుతుంది. లిథియం అయాన్ బ్యాటరీలో ఒక వైపు గ్రాఫైటు, ఒక వైపు సామాన్యంగా లిథియం కోబాల్ట్ ఆక్సైడు, నడుమ సేంద్రియ ద్రావణంలో కరిగిన లిథియం లవణం ఉంటాయి. గ్రాఫైటు మీద ఏర్పడే పలుచని రక్షణ పొర బ్యాటరీని కాపాడుతుంది. ఆ పొర మెల్లమెల్లగా మందమెక్కుతూ కొంత లిథియమును శాశ్వతంగా బంధించివేస్తుంది. అదే బ్యాటరీ ముసలితనం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే అనేక రసాయన చర్యల వేగం సుమారు రెట్టింపవుతుందన్నది స్థూల సూత్రం. ఆ లెక్కన 25 డిగ్రీల గదిలో కంటే 55 డిగ్రీల కారులో ఈ క్షీణత ఎనిమిది రెట్ల వేగంతో సాగవచ్చు. నిండా ఛార్జి చేసి వేడిలో ఉంచితే మరింత చేటు. కనుక కారు డ్యాష్‌బోర్డు మీద ఇయర్‌బడ్స్ వదలిపెట్టడం, అక్కడే ఛార్జింగుకు పెట్టడం మానుకోవాలి. చాలాకాలం వాడకపోతే సగం ఛార్జితో చల్లని చోట ఉంచాలి.

ఇటువంటి చిన్న బ్యాటరీ సాధారణంగా 300 నుంచి 500 సార్లు పూర్తిగా నిండి ఖాళీ అయ్యేసరికి తన శక్తిలో ఐదవ వంతు కోల్పోతుంది. రోజుకొకసారి ఖాళీ చేసేవారికి అది ఏడాది, ఏడాదిన్నర మాట. చౌక జతలలో బ్యాటరీ మార్చే వీలుండదు. అందుచేత కొన్న వారంలోనే ఒక కొలత తీసి ఉంచుకోవాలి: నిండా ఛార్జి చేసి, ధ్వనిని సగంలో ఉంచి, ఆగకుండా పాటలు పెట్టి, కుడి మొగ్గ ఎప్పుడు ఆగింది, ఎడమ మొగ్గ ఎప్పుడు ఆగింది అని రాసుకోవాలి. రెంటి మధ్య అరగంటకు మించి తేడా ఉంటే గ్యారంటీ గడువు లోపలే దుకాణదారునికి చూపించాలి. ఆరు నెలలకు ఇదే కొలత మళ్ళీ తీస్తే వస్తువు నాణ్యత తెలుస్తుంది. ఉబ్బినట్లు కనబడినా, ఛార్జి అవుతున్నప్పుడు చేయి పెట్టలేనంత వేడెక్కినా వాడడం ఆపివేయాలి. ఇంటికి వెళ్ళేటప్పుడు బంధువులకు బహుమతులుగా తీసుకుపోయేవారు వీటిని పెద్ద పెట్టెలో కాక, చేతిసంచిలోనే ఉంచుకోవాలి. లిథియం బ్యాటరీల విషయంలో విమాన ప్రయాణానికి అదే క్షేమం. ఇక్కడి గ్యారంటీ అక్కడ చెల్లుతుందో లేదో ముందే అడగడం మంచిది.

నాలుగవ పరీక్ష: చెమట, ఉప్పు, లోహం

పెట్టె మీద ఐ.పి.ఎక్స్.4 అని ఉంటే అన్ని వైపుల నుంచి పడే నీటి తుంపరలకు తట్టుకుంటుందని, 7 అని ఉంటే మీటరు లోతు నీటిలో అరగంట నిలుస్తుందని అర్థం. కాని ఆ పరీక్షలు చేసేది మంచినీటితో. దీవిలో తేమ హెచ్చు, పడేది చెమట. చెమటలో ఉప్పు ఉంటుంది. ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. చెమట తడితో మొగ్గలను కేసులో పెట్టి మూత వేయగానే, ఛార్జింగ్ కోసం ఉన్న రెండు లోహపు బొట్ల మధ్య విద్యుద్విశ్లేషణ మొదలవుతుంది. ధన ధ్రువం వైపు లోహం కరుగుతుంది. పైనున్న పలుచని బంగారు పూత కింద నుంచి తినివేయబడి, ఆకుపచ్చ మచ్చ పడుతుంది. అది రాగి క్షయానికి గుర్తు. “ఒక వైపు ఛార్జి కావడం లేదు” అన్న ఫిర్యాదులలో చాలా వాటికి మూలం ఇదే. నివారణ ఖర్చులేనిది: కేసులో పెట్టే ముందు పొడి నూలుగుడ్డతో తుడిచి, రెండు నిమిషాలు గాలికి ఆరనివ్వాలి. తుంపరలకు తట్టుకునే గుణం మొగ్గలకే గాని, కేసుకు ఉండకపోవచ్చునని కూడా గుర్తుంచుకోవాలి.

తలనూనె అలవాటున్న ఇళ్ళలో మరొక సంగతి. నూనె, గుబిలి కలిసి స్పీకరు ముందున్న సన్నని జాలీని మూసివేస్తాయి. అప్పుడు ఒక చెవిలో ధ్వని తగ్గుతుంది. వస్తువు చెడిపోయిందని పారవేస్తారు. తొడుగులు తీసి తేలికపాటి సబ్బునీటితో కడిగి ఆరబెట్టి, జాలీని కింది వైపు ఉంచి మెత్తని పొడి బ్రష్షుతో తుడిస్తే తరచు బాగుపడుతుంది. గోళ్ళ రంగు తుడిచే ద్రవం మాత్రం తగలనీయరాదు. అందులోని అసిటోన్ ప్లాస్టిక్కును కరిగిస్తుంది. ఒకరి ఇయర్‌బడ్స్ మరొకరు పెట్టుకోవడం, చెవి కారుతున్నప్పుడు వాడడం ఆరోగ్యానికి మంచిది కాదు.

చెవికి ఎంత ధ్వని?

మన లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమ కణాలు ఒక్కొక్క వైపు సుమారు 15,000 మాత్రమే. నశించినవి తిరిగి పుట్టవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కలిసి 2019లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం, పెద్దలు 80 డెసిబెల్‌ల ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. పిల్లలకు హద్దు 75 డెసిబెల్‌లు, 40 గంటలు. డెసిబెల్ లెక్క మామూలు కూడికల వంటిది కాదు. మూడు డెసిబెల్‌లు పెరిగితే ధ్వని శక్తి రెట్టింపవుతుంది. కనుక వినదగిన కాలం సగమవుతుంది. పెద్దలకు 83 వద్ద వారానికి 20 గంటలు, 86 వద్ద 10 గంటలు, 89 వద్ద 5 గంటలు, 92 వద్ద రెండున్నర గంటలు. ఫోనులో ధ్వనిని రెండు గీతలు పెంచితే పాట కొద్దిగా పెరిగినట్లే తోస్తుంది గాని, చెవికి ఉన్న గడువు సగానికో, పావుకో పడిపోవచ్చు.

బడి బస్సులో పిల్లవాడు రొదను మించి పాట వినడానికి ధ్వని పెంచుతాడు. అమరిక సరిగా ఉన్న తొడుగు, మంద్రపు రొదను తగ్గించే ఏర్పాటు ఉంటే పెంచవలసిన అవసరం తగ్గుతుంది. అందుచేత ఆ ఏర్పాటు కొరకు రెండు మూడు దీనార్లు ఎక్కువ పెట్టడం విలాసం కాదు. చేతి దూరంలో నిలబడి మామూలు గొంతుతో పిలిస్తే వినిపించకపోతే ధ్వని ఎక్కువైనదని అనుమానించాలి. (రొదను తగ్గించే ఏర్పాటును ఆపి ఈ పరీక్ష చేయాలి.) ఇప్పటి ఫోన్లలో చాలా వాటిలో ధ్వనికి గరిష్ఠ హద్దు పెట్టే వీలున్నది, పిల్లల ఫోనులో దానిని తల్లిదండ్రులే పెట్టాలి. చెవిలో గుయ్యిమనే శబ్దం, విన్న తరువాత కొంతసేపు మాటలు దూరంగా వినబడడం – ఇవి హెచ్చరికలు. నిలకడగా ఉంటే వైద్యుని చూడాలి.

కర్మాగారాలలో, ఓడల మరమ్మతు రేవులలో, నిర్మాణ స్థలాలలో పనిచేసేవారికి ఒక ముఖ్యమైన మాట. ఇయర్‌బడ్స్ చెవిని మూస్తాయి గనుక యంత్రాల రొద నుంచి కాపాడుతాయని కొందరు భావిస్తారు. అది పొరపాటు. అవి రక్షణ సాధనాలుగా పరీక్షింపబడినవి కావు. పైగా రొద మీద పాట పెడితే చెవికి రెండింతల భారం. క్రేను కూత, తోటివాని కేక వినబడవు. పనిలో సంస్థ ఇచ్చే చెవి రక్షకాలనే వాడాలి.

లెక్క ఎలా కట్టాలి?

“పిండి కొద్దీ రొట్టె” అన్నారు పెద్దలు. ధర ఒక్కటే చూస్తే పిండి తూచినట్లు కాదు. నాలుగు దీనార్ల జత ఆరు నెలలకు పాడైతే ఏడాదికి ఎనిమిది దీనార్లు ఖర్చు. పన్నెండు దీనార్ల జత రెండేళ్ళు నిలిస్తే ఏడాదికి ఆరు దీనార్లే. చౌక ఏదో ఇప్పుడు చెప్పవచ్చు. అలాగని ముప్పై దీనార్లు పెట్టినంత మాత్రాన మాట మూడు రెట్లు స్పష్టం కాదు; హంగులు పెరుగుతాయి. బజారులో ప్రసిద్ధ సంస్థల పేరు అతికించిన నకళ్ళు కూడా ఉంటాయి. నమ్మలేని ధరకు నమ్మదగిన పేరు కనబడితే అనుమానించాలి. పన్ను వేసిన బిల్లు, గ్యారంటీ కాగితం లేకుండా కొనకూడదు. మార్చి ఇచ్చే గడువు ఎన్ని రోజులో అడిగి, ఆ గడువులోనే పైన చెప్పిన పరీక్షలు ముగించాలి. ఒక సెలవుదినపు సాయంకాలం వాటికి చాలును.

ఎవరికి ఏది ముఖ్యమో కూడా ముందే నిర్ణయించుకోవాలి. ఇంటితో మాట్లాడడమే ప్రధానమైతే ఇరవై వాక్యాల లెక్క చూడాలి. బస్సు ప్రయాణం ఎక్కువైతే రొదను తగ్గించే ఏర్పాటు చూడాలి. ఎండలో పనిచేసేవారు, వ్యాయామం చేసేవారు తడికి తట్టుకునే గుణం చూడాలి. అన్నీ ఒకే జతలో చౌకగా రావు. ఏది వదులుకోవచ్చునో తెలిసినవారే బాగా కొన్నవారు.

ఇరవై వాక్యాల పరీక్షకు అవతలి వైపు ఎవరిని కూర్చోబెట్టాలన్న ప్రశ్నకు ఇంటింటా జవాబు ఉన్నది. ఊరిలో ఉన్న అమ్మనో, నాన్నగారినో, తాతగారినో కాగితం తీసుకుని కూర్చోమనవచ్చు. మనవలు ఇక్కడి నుంచి చదువుతుంటే వారు అక్కడ రాస్తారు. అలా రాసిన లెక్కలో కొన్నిసార్లు మరొక సంగతి కూడా బయటపడవచ్చు. ఫోనుతోను, ఇయర్‌బడ్స్‌తోను కూడా పెద్దవారికి పదిహేను వాక్యాలే అందాయంటే, లోపం ఇయర్‌బడ్స్‌లో కాక, ఇంటర్నెట్‌లోనో, వారి వినికిడిలోనో ఉండవచ్చు. “సరే, సరే” అన్న మాటల వెనుక ఎంతకాలంగానో దాగి ఉన్న ఆ సంగతిని ఈ చిన్న పరీక్ష తెలియజేస్తే, ఈసారి సెలవులలో వారిని చెవి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం పిల్లల విధి. దానిని మాత్రం పెడచెవిని పెట్టరాదు.